గడప ఎత్తు, వీధి వెడల్పు

పాత వీధిని తవ్వి కొత్తగా వేసేటప్పుడు జనానికీ అధికారులకీ మధ్య వచ్చే తగువు ఎన్ని రూపాల్లో కనిపించినా, దాని మూలం రెండు కొలతల్లో ఉంటుంది. ఒకటి వీధి వెడల్పు, రెండోది వీధి ఎత్తు. వెడల్పులో తేడా వస్తే అరుగులు, మెట్లు, బంకులు పోతాయి. ఎత్తులో తేడా వస్తే వాననీళ్లు గడప దాటి ఇంట్లోకి వస్తాయి. ఈ రెండు కొలతలూ ఖాయమయ్యేది ఇంజనీరు అంచనా రాసిన రోజున. జనం గుమిగూడేది మాత్రం జేసీబీ వచ్చిన రోజున. మధ్యలో నెలలు గడిచిపోతాయి. వీధి తగువుల్లో సగం ఆ నెలల్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడకపోవడం వల్ల పుట్టేవే.

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి బాగా పనికొచ్చే ఊళ్లు. రెండూ నియోజకవర్గ కేంద్రాలే. రెండుచోట్లా ఇరుకు వీధులు, వాటి మధ్య బస్సులు తిరిగే పెద్ద రోడ్డు, చుట్టుపక్కల పల్లెల నుంచి సరుకుల కోసం వచ్చే జనం. అయితే ఉదయగిరి గ్రామ పంచాయతీ, ఆత్మకూరు మునిసిపాలిటీ. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు వీధులకు రెండు వేరు చట్టాలు వర్తిస్తాయి. ఉదయగిరి వీధికి 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం, ఆత్మకూరు వీధికి 1965 నాటి మునిసిపాలిటీల చట్టం. ఎవరిని అడగాలి, ఎక్కడ అడగాలి, అడిగితే జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరిది అన్నవన్నీ ఈ తేడాను బట్టి మారిపోతాయి.

అసలు ముందు తేల్చుకోవాల్సింది ఆ రోడ్డు ఎవరిదన్నది. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా బద్వేలు వైపు వెళ్లే దారి 67వ నంబరు జాతీయ రహదారి. దాని మీద గుంత పడితే మునిసిపల్ కమిషనర్ దగ్గరికి పోయి ప్రయోజనం లేదు. ఊళ్లను కలిపే పెద్ద రోడ్లు కొన్ని ఆర్ అండ్ బీ శాఖవి, మరికొన్ని పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానివి. లోపలి వీధులు మాత్రమే పంచాయతీవి లేదా మునిసిపాలిటీవి. పెద్ద రోడ్డు ఒకరిది, దాని పక్క కాలవ ఇంకొకరిది అయినచోట ఫిర్యాదు కాగితం రెండు ఆఫీసుల మధ్య బంతిలా తిరుగుతుంది. అర్జీ రాసేముందు రోడ్డు ఏ శాఖ రిజిస్టరులో ఉందో గ్రామ లేదా వార్డు సచివాలయంలో కనుక్కుంటే ఒక నెల మిగులుతుంది.

సచివాలయాలు వచ్చింది 2019 అక్టోబరు 2న. గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్, వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ, ఎమెనిటీస్ సెక్రటరీ ఉంటారు. వీధి పనికి సంబంధించి జనానికి దగ్గరలో దొరికే మొదటి మనుషులు వీళ్లే. అంచనా మీద సంతకం పెట్టే అధికారం పైనున్న ఏఈ, డీఈలది, మునిసిపాలిటీలో అయితే మునిసిపల్ ఇంజనీరుది. అయినా వీధిలోకి వచ్చి టేపు పట్టుకునేది ఎక్కువగా ఈ కుర్రవాళ్లే. ఎవరి ఇంటి ముందు మెట్టు ఎంత ముందుకొచ్చిందో, ఏ మూల నీళ్లు నిలుస్తాయో వాళ్ల నోటుబుక్కులోకి ఎక్కితేనే పై అంచనాలోకి ఎక్కుతుంది.

కూర్చుని మాట్లాడే చోటు

రాజ్యాంగం ప్రకారం గ్రామసభ అంటే ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ. సర్పంచి పిలిచిన పదిమంది పెద్దమనుషులు గ్రామసభ కారు. ఉదయగిరిలో ఓటున్న మనిషి ఎవరైనా ఆ సభలో లేచి, మా వీధికి ముందు కాలవ కావాలి అని అడగొచ్చు, తీర్మానంలో రాయమనొచ్చు. ఆత్మకూరులో ఉన్న మనిషికి అంత నేరుగా అడిగే చోటు లేదు. మునిసిపల్ కౌన్సిల్‌లో మాట్లాడే హక్కు కౌన్సిలర్లకు, హోదా రీత్యా సభ్యులైన ఎమ్మెల్యే, ఎంపీలకు ఉంటుంది. వార్డు కమిటీలు వేయాలని రాజ్యాంగం పట్టుబట్టింది 3 లక్షలు, ఆపై జనాభా ఉన్న పట్టణాలకే. ఆత్మకూరు ఆ అంకెకు చాలా దూరం. ఊరు పెరిగి మునిసిపాలిటీ అయిందని సంబరపడే రోజున, జనం తమకు తెలియకుండానే ఒక కుర్చీ పోగొట్టుకుంటారు. అందుకే ఆత్మకూరులాంటి చిన్న మునిసిపాలిటీల్లో వీధి చర్చ కౌన్సిలర్ ఇంటి వరండాలోనో, టీకొట్టు దగ్గరో, సోమవారం అర్జీలు తీసుకునే చోటో జరుగుతుంది. అక్కడ అన్న మాటకు మినిట్స్ బుక్ ఉండదు.

గ్రామసభ ఉన్నంత మాత్రాన పల్లెల్లో అంతా సవ్యంగా ఉందనుకోవడానికి లేదు. చాలాకాలం ఈ సభలు కోరం కోసం చేయించిన సంతకాలతో గడిచాయి. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టి, ఉపాధి హామీ కింద చేయాల్సిన పనుల జాబితాలు తీర్మానించారు. ఆ తీర్మానాల మీదే ఆ ఏడాది అక్టోబరు 14 నుంచి 20 వరకు పల్లె పండుగ పేరుతో శంకుస్థాపనలు జరిగాయి. ప్రభుత్వం ప్రకటించిన లెక్క 30,000 పనులు, రూ. 4,500 కోట్లు, 3,000 కిలోమీటర్ల సీసీ రోడ్లు, 500 కిలోమీటర్ల తారు రోడ్లు. వీధి పేరు ఆ ఒక్కరోజు సభలో జాబితాకెక్కిందా లేదా అన్నదాని మీదే పని రావడం ఆధారపడింది. సభకు పోని వీధులు తర్వాత ఎంత అరిచినా మరో విడత కోసం ఎదురుచూడక తప్పలేదు.

డబ్బు ఏ ఖాతాలోంచి వస్తుందన్నది కూడా వీధి ఆకారాన్ని మార్చేస్తుంది. 2021 నుంచి 2026 వరకు వర్తించిన 15వ ఆర్థిక సంఘం, పంచాయతీలకిచ్చే నిధుల్లో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికి కట్టేసింది. మిగిలిన 40 శాతమే జీతాలకు కాకుండా ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. ఉపాధి హామీలో సామగ్రి ఖర్చు 40 శాతం మించకూడదు, సీసీ రోడ్డు ఎక్కువగా ఆ సామగ్రి వాటాలోంచే వస్తుంది. దీని ఫలితం ఏమిటంటే వీధి ఒకటే అయినా, పైబాట ఒక పద్దులోంచి, పక్క కాలవ మరో పద్దులోంచి మంజూరవుతాయి. రోడ్డు డబ్బు ముందొస్తే రోడ్డు ముందు పడుతుంది. కాలవ డబ్బు రెండేళ్లకొస్తే కాలవ కోసం ఆ రోడ్డంచు మళ్లీ పగలగొడతారు. దీన్ని జనం ఇంజనీర్ల తెలివితక్కువతనం కింద లెక్కేస్తారు. నిజానికి అది ఎక్కువభాగం పద్దుల తెలివితక్కువతనం.

వెడల్పు

గోడమీద ఎర్ర రంగు గీత కనపడగానే ఇంటివాళ్లకు గుండె జారుతుంది. ఆ గీత దేని ఆధారంగా గీశారన్నది అడగాల్సిన మొదటి ప్రశ్న. పట్టణంలో మాస్టర్ ప్లానో, టౌన్ సర్వే రికార్డో ఉంటుంది. పల్లెలో బాట పోరంబోకుగా నమోదైన దారి అయితే సర్వేయరు దగ్గరున్న కొలతల పటాల పుస్తకం ఎఫ్‌ఎంబీలో దాని కొలత దొరుకుతుంది. పాత ఎఫ్‌ఎంబీ కొలతలు లింకుల్లో ఉంటాయి. ఒక లింకు 7.92 అంగుళాలు. వీధి 30 లింకులని కాగితంలో ఉంటే అది 19.8 అడుగులు. మా తాత కాలంలో ఇది ఇరవై అడుగుల వీధి అని చెప్పే ముసలాయనా, 30 లింకులని చదివే సర్వేయరూ ఒకేమాట చెబుతున్నారన్నమాట. ఇద్దరూ గంటసేపు వాదించుకున్నాక ఈ సంగతి బయటపడటం అరుదేమీ కాదు.

చిక్కంతా గ్రామకంఠంలో. పాత ఊరి నడిబొడ్డున ఇళ్లున్న నేలను బ్రిటిష్ కాలపు సర్వేలో మొత్తంగా ఒకే నంబరు కింద వదిలేశారు. లోపల ఎవరి ఇల్లు ఎంత, వీధి ఎంత అన్నది విడిగా కొలవలేదు. ఉదయగిరిలాంటి పాత ఊళ్లలో ఇళ్ల మధ్య సందులకు కాగితం లేకపోవడానికి కారణం ఇదే. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, పక్కింటివాళ్ల సాక్ష్యం తప్ప వేరే ఆధారం ఉండదు. కేంద్రం 2020 ఏప్రిల్ 24న మొదలుపెట్టిన స్వామిత్వ పథకంలో డ్రోన్లతో కొలుస్తున్నది ఈ నేలనే. ఆ పటం ఖాయమైన చోట వీధి వెడల్పు కూడా దానితోపాటే ఖాయమవుతుంది. అందుకని డ్రోన్ పటం మీద అభ్యంతరాలు చెప్పే గడువులో నిద్రపోయి, రోడ్డు వేసే రోజున అరుగు నాదే అనడం కష్టం.

ఉదయగిరిలో దారి వెడల్పు చేసిన కథ 500 ఏళ్ల కిందటిది ఒకటుంది. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. 1530ల్లో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావో నూనిజ్ రాసినదాని ప్రకారం, కోట మీదికి ఒకరి వెనక ఒకరు నడిచే ఇరుకు దారి తప్ప లేకపోవడంతో, రాయలు కొండరాళ్లు పగలగొట్టించి దాన్ని వెడల్పు చేయించాడు, ఇంకా కొన్ని దారులు కొత్తగా తీయించాడు. అప్పుడు అభ్యంతరాలు వినే అధికారి ఎవరూ లేరు కాబట్టి పని నడిచింది. ఇప్పుడు ఉన్నారు. ఉండాలని సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఆ తీర్పు 2024 నవంబరు 6న వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని మహరాజ్‌గంజ్‌లో 2019లో రోడ్డు విస్తరణ పేరిట ఒక ఇల్లు కూల్చేశారు. ఆక్రమణ ఎంత తీసుకున్నా 3.70 మీటర్లకు మించదని తేలినా, అంతకు మించి పడగొట్టారు. ముందుగా రాతపూర్వక నోటీసు కూడా లేదు. కోర్టు బాధితుడికి రూ. 25 లక్షల పరిహారం ఇమ్మని చెప్పి, రోడ్డు విస్తరణలో పాటించాల్సిన వరుసను అన్ని రాష్ట్రాలకూ పంపించింది. మొదట రికార్డులు, పటాలు చూసి రోడ్డు ప్రస్తుత వెడల్పు తేల్చాలి. తర్వాత సర్వే చేసి ఆక్రమణ ఉందో లేదో చూడాలి. ఉంటే నోటీసివ్వాలి. అభ్యంతరం వస్తే కారణాలు రాసి జవాబివ్వాలి. తోసిపుచ్చినా, స్వయంగా తీసేసుకోవడానికి తగిన సమయమివ్వాలి. రోడ్డుకున్న వెడల్పు, పక్కనున్న ప్రభుత్వ స్థలం కలిపినా చాలకపోతే మిగతా భూమిని చట్టప్రకారం సేకరించిన తర్వాతే చెయ్యివేయాలి. ఆత్మకూరులోనైనా ఉదయగిరిలోనైనా ఎర్ర గీత చూసి కంగారుపడే ఇంటివాళ్లు చదువుకోవాల్సిన కాగితం ఇదే.

వారం తర్వాత, నవంబరు 13న అదే కోర్టు కూల్చివేతల మీద మరో తీర్పిచ్చింది. 15 రోజుల నోటీసు అని అందరి నోటా వినిపించే నియమం దానిలోది. రోడ్డు, వీధి, ఫుట్‌పాత్ లాంటి బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా కట్టినవాటికి ఆ నియమం వర్తించదని ఆ తీర్పులోనే రాసి ఉంది. రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్ల వీధి సమావేశాల్లో ఇరుపక్షాలూ తప్పు కాగితం చూపించుకుంటారు.

నోటీసు విషయంలో తెలుగునాట గుర్తుండిపోయిన ఘటన ఇప్పటం. గుంటూరు జిల్లా తాడేపల్లి మండలంలోని ఈ ఊళ్లో 2022 నవంబరులో రోడ్డు విస్తరణకని ప్రహరీలు, ఇళ్ల ముందు భాగాలు కూల్చారు. ఆ ఏడాది మార్చిలో జనసేన ఆవిర్భావ సభకు పొలాలిచ్చామనే కక్షతో చేశారని ఊరివాళ్లన్నారు. ఆక్రమణలు తీశాం, ముందే నోటీసులిచ్చాం అని అధికారులన్నారు. పవన్ కల్యాణ్ వెళ్లడంతో అది రాష్ట్ర రాజకీయమైంది. హైకోర్టు మొదట స్టే ఇచ్చింది. నోటీసులు అందిన సంగతి దాచిపెట్టి పిటిషన్ వేశారని తేలాక, 14 మంది పిటిషనర్లకు తలా లక్ష రూపాయల జరిమానా వేసింది. రాజకీయ కక్ష ఉందా లేదా అన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది. కోర్టులో నిలిచింది మాత్రం నోటీసు చేరిందా లేదా అన్న చిన్న ప్రశ్న. నోటీసు తీసుకోకుండా తలుపేసుకుంటే పని ఆగుతుందనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తీసుకుని, తేదీ వేసి, అభ్యంతరం రాసి, దాని మీద ఆఫీసు ముద్ర వేయించుకోవడమే దారి.

సొంత పట్టా స్థలమే పోతున్నప్పుడు పరిహారం సంగతి వస్తుంది. 2013 భూసేకరణ చట్టం కింద అయితే లెక్కగట్టిన మార్కెట్ విలువకు మరో 100 శాతం సొలేషియం కలిపి ఇవ్వాలి. మునిసిపాలిటీలు అంత డబ్బు తీయలేక టీడీఆర్ బాండ్ ఇస్తామంటాయి. వదులుకున్న స్థలానికి బదులు అదనపు అంతస్తులు కట్టుకునే హక్కు అది. దాన్ని వేరే వాళ్లకు అమ్ముకోవచ్చు కూడా. విజయవాడ, విశాఖల్లో ఆ కాగితానికి గిరాకీ ఉంటుంది. రెండంతస్తుల మేడ కట్టడమే ఎక్కువ అనుకునే మెట్ట పట్టణంలో అది బీరువాలో దాచుకునే బాండే. స్థలం పోయే ఇంటివాళ్లు ఈ తేడా అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టడం మంచిది.

ఎత్తు

వెడల్పు గొడవ నాలుగిళ్లది. ఎత్తు గొడవ వీధి మొత్తానిది. 'సారూ, రోడ్డెత్తయితే నీళ్లన్నీ మా ఇంట్లోకే గదా వచ్చేది' అన్న మాట నెల్లూరు జిల్లాలో సీసీ రోడ్డు పడిన ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది. ఆ భయానికి లెక్క ఉంది. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే 10 సెంటీమీటర్ల కంకర పరుపు, 15 సెంటీమీటర్ల కాంక్రీటు వేస్తే బాట ఒక్కసారే 25 సెంటీమీటర్లు లేస్తుంది. మామూలు ఇంటి మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లనుకుంటే ఒకటిన్నర మెట్లు మాయమైనట్టే. రెండుసార్లు ఇలా వేస్తే మూడు మెట్లెక్కి వెళ్లే పాత ఇల్లు వీధికి సమమైపోతుంది. ఇంకోసారికి గుంతలోకి పోతుంది. కాస్త స్తోమత ఉన్నవాళ్లు గుమ్మం తీసి పైకి లేపుకుంటారు, లేనివాళ్లు గడప ముందు ఇటుకలు పేర్చి సిమెంటు పూస్తారు.

దీనికి మందు కొత్తదేమీ కాదు. వేసేముందు పాత పొరను తవ్వి తీసేసి, కొత్త బాట పైమట్టం పాతదానితో సమానంగా ఉండేలా వేయాలి. తమిళనాడులో రోడ్లు ఇళ్లకంటే ఎత్తయిపోతున్నాయని గోల పెరగడంతో, పాత పొరను గీకి తీసిన తర్వాతే కొత్తది వేయాలని 2021లో ఆ రాష్ట్ర ప్రధాన కార్యదర్శే ఆదేశమిచ్చారు. తవ్వడానికి, ఆ చెత్తను తోలడానికి ఖర్చవుతుంది కాబట్టి అంచనాలో ఆ పద్దు లేకపోతే కాంట్రాక్టరు తవ్వడు. అతన్ని తిట్టి లాభం లేదు. జనం చూడాల్సింది అంచనాలో 'పాత కాంక్రీటు తొలగింపు' అన్న వరుస ఉందా లేదా అని. ఆ ఒక్క వరుస ఉంటే చాలావరకు గొడవ ముందే తీరిపోతుంది.

వీధికి అడ్డంగా చూస్తే బాట నడుమ కాస్త ఎత్తుగా, అంచులకు కాస్త వాలుగా ఉండాలి. కాంక్రీటు బాటకు వాలు 50కి 1 చొప్పున పెడతారు. 3 మీటర్ల బాటలో నడుమ నుంచి అంచు ఒకటిన్నర మీటరు దూరం, కాబట్టి అంచు 3 సెంటీమీటర్లు పల్లంగా ఉంటుంది. మూడు సెంటీమీటర్లంటే రెండు వేళ్ల మందం. మేస్త్రీ పలకతో లాగేటప్పుడు ఆ రెండు వేళ్ల తేడా తప్పిపోతే నీళ్లు నడుమే నిలుస్తాయి. ఇక వీధి పొడుగునా వాలు ఎటుందన్నది మరింత ముఖ్యం. ఉదయగిరి 3,000 అడుగులు దాటిన కొండ కింద ఉన్న ఊరు. కొండ వాలు నుంచి దిగే నీళ్లకు వీధులే దారులు. ఒక వీధిని ఎత్తు చేస్తే ఆ నీళ్లు ఆగవు, పక్కసందులోకి తిరుగుతాయి. ఒక వీధి గెలుపు ఇంకో వీధికి ఓటమి కావడం ఇలాంటి ఊళ్లలో మామూలు. వీధికొక్కటి చొప్పున కాకుండా నాలుగైదు వీధులకు కలిపి మట్టాలు తీయించమని అడగాల్సింది అందుకే.

నీళ్లు చివరికి ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు జవాబు లేకుండా కాలవ కడితే అది మురుగు తొట్టి అవుతుంది. ఈ విషయంలో జిల్లా అంతా మాట్లాడుకున్న దృశ్యం 2022 జూలై 5న నెల్లూరులోని ఉమ్మారెడ్డిగుంటలో జరిగింది. అప్పటి అధికార పార్టీకే చెందిన నెల్లూరు రూరల్ ఎమ్మెల్యే కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి అక్కడి మురుగుకాలవలోకి దిగి కూర్చున్నారు. కాలవ సమస్య రైల్వే, కార్పొరేషన్ మధ్య ఏళ్ల తరబడి నలుగుతోందని, పని ఎప్పుడు చేస్తారో కాగితం మీద రాసిస్తేనే లేస్తానని పట్టుబట్టారు. అధికారులు రాతపూర్వకంగా హామీ ఇచ్చాకే పైకొచ్చారు. ప్రభుత్వంలో ఉన్న ఎమ్మెల్యేకే ఒక కాలవ తేదీ కోసం మురుగులో కూర్చోవాల్సి వస్తే, కాలవ పక్కన ఉన్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆయన అడిగినదాంట్లో ఒక మెలకువ ఉంది. పని చేయమని అడగలేదు, తేదీ రాసిమ్మన్నారు.

గొట్టాలు, కాంక్రీటు, నీళ్లు

కొత్త రోడ్డు ఆరకముందే మంచినీళ్ల గొట్టం కోసం తవ్వడం చూసి నవ్వుకోని ఊరు లేదు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్‌జీవన్ మిషన్ కింద ఇంటింటికీ కుళాయి పనులు మొదలయ్యాక ఈ తవ్వకాలు పెరిగాయి. ఉదయగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉన్న పల్లెలకు కుళాయి అనవసరం అని ఎవరూ అనరు. ముందు గొట్టం, తర్వాత కాలవ, చివర బాట అనే వరుస తప్పడమే బాధ. ఈ వరుస తప్పకూడదంటే వేయబోయే బాట కింద అడ్డంగా కొన్నిచోట్ల ఖాళీ గొట్టాలు ముందే పెట్టాలి. రేపు ఎవరికైనా కొత్త కుళాయి కావాలంటే ఆ గొట్టంలోంచి లాగుతారు, బాటను కోయరు. దీనికయ్యే ఖర్చు బాట ఖర్చులో చాలా కొద్ది భాగం. అడగకపోతే పెట్టరు.

పని మొదలయ్యాక వీధివాళ్లు తమ కళ్లతో చూడగలిగింది మందం. 100 మీటర్ల పొడుగు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న బాటకు 45 ఘనపు మీటర్ల కాంక్రీటు పట్టాలి. మందం 12 సెంటీమీటర్లకు తగ్గితే 36తో సరిపోతుంది. పైనుంచి చూస్తే రెండూ ఒకటే తెలుపు. అంచున కట్టిన పలక ఎత్తు కొలిస్తే తేడా తెలుస్తుంది, నడుమ కింద మట్టి ఉబ్బెత్తుగా ఉందేమో తాడు లాగి చూస్తే తెలుస్తుంది. కాంక్రీటు పోసేశాక తేలాలంటే యంత్రంతో గుండ్రటి ముక్క కోసి తీయాల్సిందే. పోసిన 24 గంటల్లోపు అడ్డంగా సన్నటి గాట్లు కోయాలి. కోయకపోతే కాంక్రీటు తనకు ఇష్టమొచ్చిన చోట పగులుతుంది. ఆ పగుళ్లు చూసి సిమెంటు తక్కువేశారని జనం తిడతారు. ఒక్కోసారి అదే నిజం, చాలాసార్లు గాటు ఆలస్యమైంది అంతే.

క్యూరింగ్ అంటే కాంక్రీటును తడిగా ఉంచడం. కనీసం 14 రోజులు. మెట్ట ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. నెల్లూరు జిల్లాకు వానలో పెద్దభాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఆ నెలల్లో తవ్వితే వీధి బురదగుంట అవుతుంది. కాబట్టి పనులు సంక్రాంతి తర్వాత మొదలై ఎండాకాలంలోకి జరుగుతాయి. బడ్జెట్ సంవత్సరం మార్చితో ముగుస్తుంది కనక చివరి నెలలో హడావుడి కూడా తోడవుతుంది. ఏప్రిల్ ఎండలో ఆడవాళ్లు బిందెలతో కుళాయి దగ్గర క్యూ కట్టిన వీధిలోనే ట్యాంకరు తెచ్చి రోడ్డు మీద నీళ్లు పోస్తుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మట్టితో చిన్న గట్లు కట్టి నీళ్లు నిలబెట్టడమో, తడి గోనెపట్టాలు పరచడమో చేస్తే సగం నీళ్లతో సరిపోతుంది. ఎండిపోయిన గోనెపట్టా మాత్రం ఎందుకూ పనికిరాదు.

పని వివరాలతో బోర్డు పెట్టడం ఉపాధి హామీ పనుల్లో తప్పనిసరి. పని పేరు, అంచనా మొత్తం, మొదలుపెట్టిన తేదీ దాని మీద ఉండాలి. ఆ చట్టం కాంట్రాక్టర్లను పెట్టకూడదంటుంది, వీధిలో మాత్రం అందరూ కాంట్రాక్టరు ఎవరనే అడుగుతారు. సామాజిక తనిఖీ బృందం ఊళ్లోకి వచ్చినప్పుడు బోర్డు మీది అంకెలు, కొలతల పుస్తకంలోని అంకెలు, నేల మీది అంకెలు పక్కపక్కన పెట్టి చదువుతారు. కొలతల పుస్తకాన్ని అందరూ ఎంబుక్ అంటారు. బిల్లు పుట్టేది దానిలోంచే. సమాచార హక్కు చట్టం కింద అంచనా నకలు, ఎంబుక్ నకలు ఎవరైనా అడగొచ్చు. అంచనా నకలును పనికి ముందే అడిగినవాళ్లు వీధిని మారుస్తారు, ఎంబుక్ నకలును పని తర్వాత అడిగేవాళ్లు కేసు మాత్రమే వేయగలరు.

వీధి ఎవరికి

రోడ్డు బాగుపడితే అందరికీ మేలే అనే మాటలో వీధిలో బతికేవాళ్లు కనపడరు. బండి మీద పండ్లు అమ్మేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, టిఫిను బంకువాళ్లు వెడల్పు చేసిన రోజు మొదట లేవాల్సింది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే చేయాలి, గుర్తింపు పత్రాలివ్వాలి, వేరేచోటికి మార్చాలంటే 30 రోజుల నోటీసివ్వాలి. ఈ చట్టం పట్టణ స్థానిక సంస్థలది. ఆత్మకూరులో బండి పెట్టుకున్న మనిషికి వర్తిస్తుంది, ఉదయగిరి బస్టాండు దగ్గర బండి పెట్టుకున్న మనిషికి వర్తించదు. గ్రామసభ విషయంలో పైచేయి ఉదయగిరిదైతే ఇక్కడ పైచేయి ఆత్మకూరుది. ఒకే బండి, ఒకే పండ్లు, మునిసిపాలిటీ హద్దు దాటితే హక్కు మారిపోతుంది.

ఉదయగిరి దిలావర్‌భాయి వీధిలో నర్ది, దేవదారి, కల్ది, బిక్కి లాంటి కొయ్యతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కుతారు. భౌగోళిక గుర్తింపు దక్కిన పని అది. ఇలాంటి వీధిలో ఇల్లు, పనిచోటు, అంగడి మధ్య గీత గీయడం కుదరదు. కొయ్య దించుకోవాలి, వెలుతురులో కూర్చుని నగిషీ చెక్కాలి, వచ్చిన మనిషికి సరుకు చూపించాలి. అరుగు అక్కడ అలంకారం కాదు, పనిముట్టు. అయితే అంచనా రాసే పుస్తకంలో అరుగు అనే పద్దు లేదు. దానికి ఉన్న పేరు ఆక్రమణ ఒక్కటే. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో ఇళ్ల మధ్య వీధి కార్ల కంటే ముందు కాపురమున్నవాళ్లదని నివాసులూ నగర అధికారులూ కలిసి కొన్ని వీధులను తిరిగి తీర్చారు. కార్లు నడక వేగంతోనే పోవాలి, చెట్లు, బెంచీలు బాటలోనే ఉంటాయి. 1976లో అక్కడి చట్టం అలాంటి వీధులకు విడిగా ఒక హోదా ఇచ్చింది. మన పుస్తకాల్లో ఆ హోదా లేదు కాబట్టి అరుగు నిలబెట్టుకోవాలంటే వీధివాళ్లు వెడల్పు నిర్ణయించే రోజునే, ఇక్కడ లారీ తిరగాల్సిన పని లేదు, మూడు మీటర్ల బాట చాలు అని రాయించుకోవాలి.

బాట పడి, బోర్డు పెట్టి, ఫొటోలు తీశాక కూడా ఒక కాలం మిగిలి ఉంటుంది. టెండరు పనుల్లో కాంట్రాక్టరుకు ఇవ్వాల్సిన బిల్లులోంచి కొంత సొమ్మును పట్టి ఉంచుతారు. ఒప్పందంలో రాసిన గడువులోగా పగుళ్లు, గుంతలు, కాలవ మూతలు విరగడం లాంటివి బయటపడితే అతనే సొంత ఖర్చుతో బాగుచేయాలి. గడువు ముగిసిన మర్నాడు ఆ సొమ్ము విడుదలవుతుంది, ఇక ఆ రోడ్డు గురించి అడగడానికి అతని వాకిలి ఎవరూ తొక్కలేరు. ఆ తేదీ ఆఫీసు ఫైల్లో ఉంటుంది. వీధిలో ఏ ఇంటి క్యాలెండరు మీదైనా దాని చుట్టూ ఒక సున్నా గీసి ఉంటే, మొదటి వానాకాలంలో నీళ్లు నిలిచిన చోటు ఫొటోతో అర్జీ ఆ లోపే పోతుంది.